పారదర్శక రెజిన్‌లో వస్తువులను పొదిగి బల్ల పలక తయారుచేయడం: సమగ్ర మార్గదర్శి

పాత తాళంచెవులు, గడియారపు పళ్ళచక్రాలు, గులకరాళ్ళు, గవ్వలు, ఎండిన పూలు వంటి వస్తువులను ద్రవంగా పోస్తే గట్టిపడి గాజులా కనిపించే రెజిన్‌లో పొదిగి, ఆ దిమ్మకు కాళ్ళు బిగించి చిన్న బల్లగా మలచే పద్ధతిని ఈ వ్యాసం మొదటినుంచి చివరిదాకా వివరిస్తుంది. 45 సెంటీమీటర్ల చదరమూ 4 సెంటీమీటర్ల మందమూ ఉన్న పలకను ఉదాహరణగా తీసుకుని లెక్కలన్నీ చూపించాను. మీ పలక కొలతలు వేరైనా పద్ధతి ఇదే.

ఈ పనిలో కొత్తగా దిగినవారు తమ శ్రద్ధనంతా రెజిన్ మీదే పెడతారు. నా చేతిలో పాడైన పలకల్లో ఎక్కువ భాగం మాత్రం వస్తువు వల్ల పాడైనవే. మొట్టమొదటి పలకలో నేనొక నత్తగుల్లను పెట్టాను. పోసినప్పుడు అంతా స్వచ్ఛంగానే ఉంది. నాలుగు గంటల తరువాత వచ్చి చూస్తే గుల్ల మూతి నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరి, అప్పటికే చిక్కబడిన రెజిన్‌లో పైదాకా రాలేక, మధ్యలోనే పూసల దండలా వేలాడుతున్నాయి. తెల్లవారేసరికి ఆ దండ అలాగే గట్టిపడిపోయింది. రెజిన్‌లో ఏ దోషమూ లేదు. గుల్ల మెలికల్లో చిక్కుకున్న గాలి, రెజిన్ వేడెక్కగానే వ్యాకోచించి బయటికి దారి వెతుక్కుంది, అంతే. ఆ కారణంగానే ఈ వ్యాసంలో పోత గురించి కంటే పోతకు ముందు వస్తువును సిద్ధం చేయడం గురించి ఎక్కువగా రాశాను.

రెజిన్ ఎంపిక

మార్కెట్లో పారదర్శక రెజిన్లు అనేకం ఉన్నా, ఇంత మందమైన పలకకు ఎపాక్సీయే తగినది. పాలియెస్టర్ రెజిన్ చవక, త్వరగా గట్టిపడుతుంది. కాని గట్టిపడేటప్పుడు బాగా కుదించుకుపోతుంది, ఆ లాగుడుకు పొదిగిన వస్తువు చుట్టూ పగుళ్ళు రావచ్చు, పైగా అందులోని స్టైరీన్ ఘాటు వాసన ఇల్లంతా నిండుతుంది. అతినీలలోహిత కాంతితో గట్టిపడే రెజిన్ నగలకు బాగుంటుంది, కాని కాంతి లోతుకు చొరలేదు గనుక పలకలకు పనికిరాదు.

ఎపాక్సీలోనూ రెండు రకాలున్నాయి, వాటి తేడా తెలియక కొన్నవారే ఎక్కువగా నష్టపోతారు. మొదటిది పైపూత రెజిన్. ఇది తేనెలా చిక్కగా ఉంటుంది, కొన్ని గంటల్లోనే గడ్డకడుతుంది, ఒక్కసారికి 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం వరకే పోయాలి. రెండవది లోతు పోతకు ఉద్దేశించిన కాస్టింగ్ రెజిన్. ఇది పల్చగా ఉంటుంది, నెమ్మదిగా రెండు మూడు రోజులకు గట్టిపడుతుంది, ఒక్కో పొరను 25 నుంచి 50 మిల్లీమీటర్ల మందం వరకు పోయడానికి వీలిస్తుంది. డబ్బా మీద రాసిన గరిష్ఠ మందాన్ని కచ్చితమైన హద్దుగా భావించాలి. ఎపాక్సీ, దానిని గట్టిపరచే హార్డెనర్ అనే ద్రవం కలిసినప్పుడు జరిగే రసాయనిక చర్య వేడిని పుట్టిస్తుంది. పొర మందమైన కొద్దీ ఆ వేడికి బయటికి పోయే దారి తగ్గుతుంది, వేడి పెరిగిన కొద్దీ చర్య మరింత వేగమవుతుంది. పైపూత రెజిన్‌ను 4 సెంటీమీటర్ల లోతుకు ఒక్కసారే పోస్తే అది పొగలు కక్కి, పసుపెక్కి, నిట్టనిలువునా చీలిపోతుంది. మన పలకకు కాస్టింగ్ రెజిన్ వాడదాం.

వస్తువులను సిద్ధం చేయడం

ప్రతి వస్తువు విషయంలోనూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: లోపల తేమ ఉందా, లోపల గాలి ఉందా, పైన నూనె గాని మైనం గాని అంటి ఉందా. మూడింటికీ లేదని నమ్మకంగా చెప్పగలిగే వరకు ఆ వస్తువు అచ్చులోకి వెళ్ళకూడదు.

తేమతో మొదలుపెడదాం. పచ్చి పువ్వును రెజిన్‌లో పెడితే అది తాజాగా నిలిచిపోతుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఆ తేమ హార్డెనర్‌తో కలిసి పువ్వు చుట్టూ పాలపొరలా తెల్లటి మసకను కలిగిస్తుంది, కొన్ని వారాల్లో పువ్వు గోధుమరంగుకు తిరుగుతుంది. పూలను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ రేణువుల మధ్య పూర్తిగా కప్పి సుమారు వారం రోజులు ఉంచాలి. రేకను వేళ్ళ మధ్య పట్టుకుంటే పల్చని కాగితంలా గరగరలాడాలి. ఆకులను బరువైన పుస్తకాల మధ్య రెండు మూడు వారాలు నొక్కి ఉంచితే చాలు. ఎండిన తరువాత కూడా ఎర్రని గులాబీలు రెజిన్ తగలగానే దాదాపు నల్లబడతాయని, తెల్లని రేకులు నూనె పడ్డ కాగితంలా పారదర్శకమవుతాయని ముందే తెలిసి ఉండాలి. జపాన్ రూపకర్త షిరో కురామాతా 1988లో పారదర్శక ఆక్రిలిక్‌లో గులాబీలు తేలుతున్నట్టు కనిపించే మిస్ బ్లాంష్ అనే కుర్చీని రూపొందించినప్పుడు వాడినవి కృత్రిమ గులాబీలు. ఆ సంగతి తెలిశాక, నిజమైన పువ్వే కావాలన్న నా పట్టుదల కొంత సడలింది.

చెక్క ముక్కలు, కొమ్మలు, కాయలు, విత్తనాలు పైకి ఎండినట్టే కనిపిస్తాయి. తేమ కొలిచే మీటరు ఉంటే చెక్కలో 10 శాతం లోపు తేమ ఉండేలా చూసుకోవాలి. మీటరు లేనప్పుడు ముక్కను రోజూ తూచి, వరుసగా కొన్ని రోజులపాటు బరువు తగ్గకుండా నిలకడగా ఉందని నిర్ధారించుకోవచ్చు. బెరడు వదులుగా ఉంటే తీసివేయాలి, ఎందుకంటే దాని అడుగున గాలీ దుమ్మూ పుష్కలంగా ఉంటాయి.

ఇక గాలి. చెక్క, గవ్వ, గుడ్డ, తాడు, పగడం, పోరస్ రాయి వంటివన్నీ కంటికి కనిపించని రంధ్రాల్లో గాలిని దాచుకుంటాయి. వాటికి ముందే కొద్దిగా రెజిన్ కలిపి, బ్రష్‌తో అన్ని వైపులా పల్చగా పూసి, పూర్తిగా గట్టిపడనివ్వాలి. మొదటి పూతను చెక్క పీల్చేసుకుంటే రెండవ పూత వేయాలి. ఆరిన తరువాత ఉపరితలమంతా ఒకే విధంగా మెరుస్తుంటే రంధ్రాలు మూసుకున్నట్టే. అక్కడక్కడ మెరుపు లేని మచ్చలుంటే అవి ఇంకా తెరిచి ఉన్న నోళ్ళని అర్థం. బోలు వస్తువులకు ఈ పూత చాలదు. నత్తగుల్లను మూతి పైకి ఉండేలా బియ్యంలోనో ఇసుకలోనో నిలబెట్టి, డ్రాపర్‌తో రెజిన్‌ను చుక్కచుక్కగా లోపలికి దించుతూ, మధ్యమధ్య మెల్లగా తడుతూ నిండుగా నింపాలి. అది గట్టిపడ్డాకనే పలకలో పొదగాలి. సగం తెరిచిన రెండు చిప్పల గవ్వలను, గంటలను, గొట్టాలను కూడా ఇలాగే నింపాలి.

లోహపు వస్తువులకు తేమా గాలీ పెద్ద సమస్యలు కావు, నూనె మాత్రం అవుతుంది. గడియారపు చక్రాల మీద కనిపించనంత పల్చగా నూనె ఉన్నా రెజిన్ అక్కడ అతుక్కోదు. గట్టిపడుతూ రెజిన్ కొద్దిగా లాగుకున్నప్పుడు ఆ చోట సన్నని గాలిపొర ఏర్పడి, పక్కనుంచి చూస్తే వస్తువుకు వెండి పూత పూసినట్టు తళతళలాడుతుంది. చాలామంది దానిని లోహపు మెరుపని పొరబడతారు. అది అతుకు విడిపోయిన గుర్తు. లోహాలను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గాని ఆసిటోన్‌తో గాని తుడిచి, ఆ పైన గ్లోవ్స్‌తోనే ముట్టుకోవాలి. ఆసిటోన్ కొన్ని ప్లాస్టిక్కులను, రంగులను కరిగిస్తుంది కాబట్టి వాటికి ఆల్కహాల్ మంచిది. తుప్పు నచ్చి ఉంచుకోదలిస్తే, రాలే పొడిని తీగ బ్రష్‌తో తీసేసి, మిగిలినదానిమీద పల్చగా రెజిన్ పూయాలి.

కాగితం, ఛాయాచిత్రాలు, ఉత్తరాలు రెజిన్ పీల్చుకుంటే అవతలి వైపు అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. వాటికి తెల్ల జిగురు, అంటే పీవీఏ జిగురు, రెండు వైపులా, ముఖ్యంగా అంచుల వెంట, రెండు మూడు పూతలు వేసి ప్రతి పూతనూ ఆరనివ్వాలి. ఇంక్‌జెట్ ముద్రణ ఆ జిగురులోని నీటికే కరిగిపోవచ్చు గనుక అసలు ప్రతిని కాక లేజర్ ముద్రణలో తీసిన నకలును వాడడం క్షేమం. మార్చలేని జ్ఞాపకవస్తువులను రెజిన్‌లో పెట్టవద్దన్నది నా అభిప్రాయం. ఒకసారి లోపలికి వెళ్ళినది తిరిగి చేతికి రాదు.

బ్యాటరీలను ఎట్టి పరిస్థితిలోనూ పొదగకూడదు. రెజిన్ పుట్టించే వేడి వాటిని దెబ్బతీయగలదు, ఉబ్బితే ఊపిరాడే చోటు ఉండదు, మార్చడానికి వీలుండదు. దీపాలు కావాలంటే పలక అడుగున గాడి చెక్కి, విప్పి తీయగలిగేలా అమర్చాలి.

అన్నీ సిద్ధమయ్యాక ప్రతి రకం వస్తువులో ఒక చిన్న నమూనాను సిలికాన్ గిన్నెలో పొదిగి మూడు రోజులు గమనించండి. రంగు మారడం, బుడగలు రావడం, వెండి మెరుపు కనిపించడం వంటి దోషాలన్నీ ఆ చిన్న గిన్నెలోనే బయటపడతాయి. ఏడెనిమిది లీటర్ల రెజిన్ పోసిన తరువాత తెలుసుకోవడం కంటే ఇది ఎంతో నయం.

అచ్చు

లామినేట్ చేసిన 18 మిల్లీమీటర్ల పలకలతో అచ్చును సులువుగా కట్టుకోవచ్చు. లోపలి కొలత 45 సెంటీమీటర్ల చదరం, గోడల ఎత్తు 5 సెంటీమీటర్లు ఉండాలి. పలకల లోపలి వైపున పాకింగ్ టేపును ముడతలు లేకుండా, ఒకదాని అంచు మీద మరొకటి స్వల్పంగా ఎక్కేలా అంటించాలి, ఎందుకంటే ఎపాక్సీ ఆ టేపుకు అతుక్కోదు. స్క్రూలతో బిగించిన తరువాత మూలల్లో సిలికాన్ సీలెంట్ పూసి, వేలితో నున్నగా నొక్కి, ఒక రోజంతా ఆరనివ్వాలి. టేపు మీద అచ్చు విడిచే స్ప్రేనో మైనమో పల్చగా వేస్తే విప్పడం తేలికవుతుంది.

కాస్టింగ్ రెజిన్ పల్చన, పైగా చాలా గంటలపాటు ద్రవంగానే ఉంటుంది. వెంట్రుకవాసి సందు దొరికినా రాత్రంతా కారుతూనే ఉంటుంది. చీకటి గదిలో అచ్చు లోపల దీపం పెట్టి బయటినుంచి మూలలు చూస్తే వెలుగు వచ్చే చోటు తెలుస్తుంది. ఇంత చేసినా అచ్చు కింద ఒక ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంచడం మంచిది. ఆ తరువాత రసమట్టంతో రెండు దిక్కులా మట్టం చూసి, వంపు ఉన్న చోట సన్నని చెక్క ముక్కలు దూర్చి సరిచేయాలి. 45 సెంటీమీటర్ల పొడవులో 3 మిల్లీమీటర్ల వాలు ఉన్నా, గట్టిపడిన తరువాత దానిని అరగదీయడానికి ఒక పూట పడుతుంది.

ఎంత రెజిన్ కావాలి

సెంటీమీటర్లలో పొడవును వెడల్పుతో, మందంతో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 45ను 45తో, 4తో గుణిస్తే 8,100 మిల్లీలీటర్లు. ఇందులో వస్తువులు ఆక్రమించే చోటును తీసివేయాలి. దానికి తేలిక మార్గం ఉంది: కొలత గీతలున్న పాత్రలో నీళ్ళు పోసి, వస్తువులకు పూతలు వేయడానికి ముందే, రాళ్ళూ లోహాల వంటి తడిసినా ఫర్వాలేని వాటిని ముంచి, నీటిమట్టం ఎంత పెరిగిందో చూడాలి. మన ఉదాహరణలో అది 900 మిల్లీలీటర్లనుకుందాం. అంటే 7,200 మిల్లీలీటర్ల రెజిన్ కావాలి. పాత్రలకు అంటుకునేదానికి, పూతలకు, చెక్క పీల్చుకునేదానికి మరో 10 శాతం కలిపి 8 లీటర్లు సిద్ధం చేసుకోవాలి.

దీనిని మూడు పొరలుగా పంచుతాను. అడుగు పొర 6 మిల్లీమీటర్లు, అంటే 1,215 మిల్లీలీటర్లు. వస్తువులుండే మధ్య పొర 24 మిల్లీమీటర్లు. 4,860లో 900 తీసివేస్తే 3,960 మిల్లీలీటర్లు. పై పొర 10 మిల్లీమీటర్లు, 2,025 మిల్లీలీటర్లు. ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. గట్టిపడిన ఎపాక్సీ వక్రీభవన గుణకం సుమారు 1.5 గనుక లోపలి వస్తువులు ఉన్న లోతుకంటే పైకి కనిపిస్తాయి. 40 మిల్లీమీటర్ల లోతున ఉన్న గులకరాయి, పైనుంచి చూసినప్పుడు 27 మిల్లీమీటర్ల లోతులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. లోతు బాగా తెలియాలని కోరుకునేవారు వస్తువులను వేర్వేరు ఎత్తుల్లో, మీరనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ ఎడంతో అమర్చాలి.

గది, రక్షణ

గది ఉష్ణోగ్రత 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య, పోత ముందురోజు నుంచి గట్టిపడే వరకు నిలకడగా ఉండాలి. చలిగా ఉంటే రెజిన్ చిక్కబడి బుడగలను వదలదు. మరీ వేడిగా ఉంటే లోతు పొరలో వేడి అదుపు తప్పుతుంది. గాలిలో తేమ అధికంగా ఉన్న రోజున పోస్తే ఉపరితలం మీద మైనంలాంటి జిడ్డు పొర తేలవచ్చు. ఆ పొరను గోరువెచ్చని నీటితో కడగకుండా తరువాతి పొర పోస్తే రెండూ అతకవు.

గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిన అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కాబట్టి నైట్రైల్ గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు తప్పనిసరి. వాసన తక్కువగా ఉన్నంత మాత్రాన హాని లేదనుకోకూడదు. గాలి బాగా ఆడే చోట, సేంద్రియ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుని పనిచేయాలి. చర్మం మీద పడితే సబ్బునీటితో కడగాలి. ఆసిటోన్‌తో తుడిస్తే అది చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకుపోతుంది. మిగిలిన ద్రవాన్ని కాలువలో పోయకుండా, గట్టిపరచి చెత్తలో వేయాలి.

కలపడం

రెజిన్ డబ్బా చల్లగా ఉంటే మూత బిగించి గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. పల్చబడి బుడగలను తేలికగా వదులుతుంది. నిష్పత్తి ఒక్కో కంపెనీకి ఒక్కో విధంగా ఉంటుంది. 2:1 అని రాసి ఉంటే అది పరిమాణమా, బరువా అన్నది తప్పక చదవాలి. రెజిన్ బరువు, హార్డెనర్ తేలిక. పరిమాణంలో 2:1 అయిన మిశ్రమం బరువులో తరచుగా 100కి 43 నుంచి 45 వరకు అవుతుంది. పరిమాణపు నిష్పత్తిని తూకంలో వాడినవారి పలకలు నెల గడిచినా వేలిముద్ర పడేంత మెత్తగానే ఉంటాయి. త్వరగా ఆరాలని హార్డెనర్ ఒక చెంచా ఎక్కువ వేయడం కూడా అంతే తప్పు, ఎందుకంటే ఇక్కడ ఒక్కో అణువుకు జతగా మరో అణువు కావాలి. మిగిలిపోయినది మెత్తదనంగా నిలిచిపోతుంది.

అడుగు పొరకు కొద్దిగా ఎక్కువ లెక్కగట్టి 840 మిల్లీలీటర్ల రెజిన్, 420 మిల్లీలీటర్ల హార్డెనర్ తీసుకుందాం. చదునైన కర్రతో, గాలి లోపలికి లాగకుండా, గోడలనూ అడుగునూ గీకుతూ నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా కలపాలి. మొదట సన్నని పాయలు, చక్కెర పాకంలోని తీగల్లాంటివి కనిపిస్తాయి. అవి పూర్తిగా మాయమై ద్రవం నీళ్ళలా తేటగా కనిపించే వరకు ఆపకూడదు. అప్పుడు మొత్తాన్ని రెండవ శుభ్రమైన పాత్రలోకి వంచి, కొత్త కర్రతో మరో రెండు నిమిషాలు కలపాలి. మొదటి పాత్ర గోడలకు అంటిన కలవని రెజిన్‌ను గీకి పలకలో పోయవద్దు; జిగటగా మిగిలే మచ్చలకు అదే మూలం.

కలిపిన రెజిన్‌ను బకెట్‌లో నిలవ ఉంచకూడదు. ఒకసారి ఫోను మాట్లాడుతూ లీటరు మిశ్రమాన్ని అలాగే వదిలేస్తే, తిరిగి వచ్చేసరికి బకెట్ అడుగు మెత్తబడి, మిశ్రమం పసుపెక్కి పొగ వస్తోంది. పోయడం ఆలస్యమయ్యేటట్టుంటే వెడల్పాటి ట్రేలో పల్చగా పరచాలి. వేడి బయటికి పోయి సమయం చిక్కుతుంది.

పోత, అమరిక

అడుగు పొరను అచ్చు మధ్యలో, తక్కువ ఎత్తునుంచి సన్నని ధారగా పోసి, దానంతటదే మూలలకు పాకనివ్వాలి. దుమ్ము పడకుండా పైన మూత పెట్టాలి, కాని రెజిన్‌ను తాకేంత దగ్గరగా కాదు. ఈ పొర ఎప్పుడు జెల్ దశకు వస్తుందన్నది రెజిన్‌ను, ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. గ్లోవ్ వేసుకున్న వేలితో మూల చివర మెల్లగా తాకితే జిగురుగా పట్టుకోవాలి, ముద్ర పడాలి, కాని వేలికి ఏమీ అంటకూడదు. అదే అదను. ఇంతకుముందు పెడితే బరువైన వస్తువులు అడుగుకు దిగిపోతాయి. పూర్తిగా గట్టిపడ్డాక పెడితే పొరల మధ్య రసాయనిక బంధం ఏర్పడదు. ఆ సమయం దాటిపోతే 220 నంబరు గరుకు కాగితంతో ఉపరితలమంతా మసకబారే వరకు రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి కొనసాగించాలి. ఆ గీతలు తరువాతి రెజిన్ తగలగానే కనిపించకుండా పోతాయి.

వస్తువులను ఎక్కడ పెట్టాలో ముందుగానే అదే కొలత కాగితం మీద అమర్చి, పైనుంచి ఫోటో తీసుకుని ఉంచుకోండి. అచ్చు మీద వంగి ఆలోచించే తీరిక ఉండదు. బోర్లించిన గిన్నెలా వంపు ఉన్న వస్తువులను ఎప్పుడూ పక్కకు వాల్చి ఉంచాలి, లేకపోతే వాటి కింద గాలి గూడు కట్టుకుంటుంది. గులకరాళ్ళు, తాళంచెవులు వాటి బరువుకు అవే నిలబడతాయి. పూలు, చెక్క, విత్తనాలు తేలిపోతాయి కాబట్టి ఒక్కోదాని కింద రెండు మూడు చుక్కల రెజిన్ వేసి జెల్ పొరకు అతికించి, ఆ చుక్కలు గట్టిపడే దాకా ఆగాలి. ఈ ఆగడం చాలామందికి అనవసరంగా తోస్తుంది. కాని మధ్య పొర పోసిన పది నిమిషాలకు ఒక పువ్వు ఊడి పైకి తేలితే, దానిని సూదితో వెంటాడుతూ మిగతా అమరికనంతా చెడగొట్టుకుంటారు.

మధ్య పొరను వస్తువుల మీద కాక, వాటి పక్క ఖాళీలో పోయాలి. మట్టం నెమ్మదిగా పెరుగుతూ ప్రతి వస్తువును కిందినుంచి తడుపుతూ వచ్చినప్పుడు గాలి పైకి తప్పుకుంటుంది. ముందు సగం పోసి, సన్నని కర్రతో వస్తువుల అంచుల వెంట మెల్లగా కదిలించి, దాగిన బుడగలను వదిలించి, ఆ తరువాతే మిగతా సగం పోయాలి. అది జెల్ దశకు వచ్చాక, వేడి తగ్గిందని అచ్చు గోడను తాకి చూసుకుని, పై పొర పోయాలి.

బుడగలు

పైకి వచ్చిన బుడగలను హీట్ గన్‌తో గాని చిన్న గ్యాస్ టార్చ్‌తో గాని పగలగొట్టవచ్చు. సుమారు ఒక జానెడు ఎత్తునుంచి, ఎక్కడా ఆపకుండా, ఇస్త్రీ పెట్టెను తేలికగా లాగినట్టు కదిలించాలి. ఒకే చోట నిలిపితే రెజిన్ కాలి ముడతలు పడుతుంది. పూలు, కాగితం పైకి దగ్గరగా ఉంటే మంట అసలు వాడవద్దు. ఆల్కహాల్ గాని ఆసిటోన్ గాని వాడిన రోజున ఆ సీసాలను గది బయట పెట్టిన తరువాతే టార్చ్ వెలిగించాలి. ఈ వేడి ఉపరితలం మీది బుడగలకు మాత్రమే మందు. లోతున ఉన్న వాటికి రెజిన్ పల్చదనం, నెమ్మదైన పోత, రంధ్రాలు మూసిన వస్తువు తప్ప వేరే ఉపాయం లేదు. మొదటి గంటలో ప్రతి పది నిమిషాలకు ఒకసారి, ఆ పైన మరో మూడు గంటలపాటు అరగంటకు ఒకసారి చూస్తూ ఉండాలి, ఎందుకంటే వస్తువులోంచి బుడగలు వచ్చేది రెజిన్ వేడెక్కేటప్పుడే.

విప్పడం, నునుపు చేయడం

పై పొర పోసిన మూడు రోజుల తరువాత అచ్చును విప్పవచ్చు, కాని పూర్తి గట్టిదనం రావడానికి వారం నుంచి నెల వరకు పడుతుంది. విప్పిన పలకను చదునైన చోట, అంతటా ఆనేలా పడుకోబెట్టాలి. గోడకు వాల్చి నిలబెడితే లేత రెజిన్ కొన్ని రోజుల్లోనే వంగిపోతుంది.

అరగదీత విషయంలో ఓర్పుకు ప్రత్యామ్నాయం లేదు. 120 నంబరుతో సమం చేసి, 180, 240, 320, 400, 600, 800, 1000, 1500, 2000, 3000 వరకు వెళ్ళాలి. ప్రతి కాగితాన్నీ, ముందు కాగితం గీతలు పూర్తిగా పోయే వరకు, ముందటి దిశకు అడ్డంగా రుద్దాలి. పలక అంతటా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసి రుద్దితే, గీతలు ఎక్కడ మిగిలాయో అక్కడ చేయి పడలేదని తెలిసిపోతుంది. 400 నుంచి నీళ్ళు చల్లుతూ రుద్దడం మంచిది. దుమ్ము లేవదు, వేడి పుట్టదు. పొడిగా రుద్దేటప్పుడు దుమ్ము మాస్కు తప్పక పెట్టుకోవాలి. చివరగా పాలిష్ పేస్టుతో మెత్తని ప్యాడ్ తిప్పితే లోపలి తాళంచెవి పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టత వస్తుంది. ఇంత శ్రమ వద్దనుకునేవారు 320 దగ్గర ఆపి, శుభ్రంగా తుడిచి, 3 మిల్లీమీటర్ల పైపూత రెజిన్ పోసుకోవచ్చు. అద్దంలా మెరుస్తుంది, కాని గీతలు కూడా అంతే తొందరగా కనిపిస్తాయి.

కాళ్ళు, బలం

మన పలకలో రెజిన్ బరువే దాదాపు 8 కిలోలు, రాళ్ళూ లోహాలతో కలిపి 10 కిలోలకు చేరుతుంది. ఎపాక్సీ గట్టిదే అయినా, బరువు కింద ఏళ్ళ తరబడి మెల్లగా సాగే స్వభావం దానికి ఉంది, అందువల్ల నాలుగు మూలల కాళ్ళ మీదే ఆధారపడకుండా అడుగున చెక్క చట్రాన్నో లోహపు చట్రాన్నో పెట్టడం అవసరం. స్క్రూను రెజిన్‌లోకి నేరుగా బిగిస్తే మర చుట్టూ సన్నని చీలికలు వస్తాయి. తక్కువ వేగంతో రంధ్రం వేసి, ఇత్తడి మర గొట్టాన్ని కొద్దిపాటి ఎపాక్సీతో అందులో కూర్చి, బోల్టును దానిలోకి బిగించాలి. రంధ్రం లోతు పలక మందంలో సగం దాటకూడదు, వేసే చోట పైన ఏ వస్తువూ ఉండకూడదు. కాబట్టి అమరిక వేసేటప్పుడే మూలలను ఖాళీగా వదలాలి. చట్రం చెక్కది అయితే అది ఋతువులను బట్టి వ్యాకోచిస్తుంది గనుక బోల్టు రంధ్రాలను గుండ్రంగా కాక కోలగా చేయాలి.

చాలా ఎపాక్సీలు 50 డిగ్రీల చుట్టూ మెత్తబడడం మొదలుపెడతాయి. వేడి గిన్నెను నేరుగా పెడితే గుండ్రని ముద్ర మిగులుతుంది, అందువల్ల అడుగున ఏదైనా ఆసరా వేయాలి. ఎండ నేరుగా పడే కిటికీ పక్క ఉంచితే ఏ ఎపాక్సీ అయినా క్రమంగా పసుపెక్కుతుంది. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే ఆలిఫాటిక్ పాలీయురేథేన్ పూత దానిని ఆలస్యం చేస్తుంది.

లోపాలను సరిచేయడం

ఉపరితలం మీద పగిలిన బుడగ గుంటగా మిగిలితే, దాని చుట్టూ టేపు అంటించి, సూదిమొనతో లోపల గీకి, డ్రాపర్‌తో రెజిన్‌ను గుంటకంటే కొద్దిగా ఉబ్బేలా నింపాలి, ఎందుకంటే ఆరేటప్పుడు కొంత దిగుతుంది. మరుసటి రోజు ఆ ఉబ్బును బ్లేడుతో చెక్కి, 400 నుంచి మళ్ళీ రుద్దాలి. కొంచెం లోతున ఉన్న బుడగను 1 మిల్లీమీటరు డ్రిల్‌తో చేరుకుని సిరంజితో నింపవచ్చు. గాలి బయటికి రావడానికి పక్కనే రెండవ రంధ్రం వేయకపోతే రెజిన్ లోపలికి దిగదు. జిగటగా మిగిలిన మచ్చ ఎంత కాలానికీ ఆరదు, దానిని గట్టి రెజిన్ తగిలే వరకు గీకి తీసి కొత్తది పోయాలి. వస్తువు చుట్టూ వచ్చిన వెండి మెరుపు మాత్రం బయటినుంచి సరికాదు. అది అంచుకు దగ్గరగా ఉంటే ఆ భాగాన్ని రంపంతో కోసి పలకను చిన్నది చేసుకోవాలి, మధ్యలో ఉంటే అలాగే ఉంచుకోవాలి. నా నత్తగుల్ల పలక ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. దాని పూసల దండను కావాలనే చేశానని అనుకునే అతిథులకు నేను అసలు సంగతి చెప్పను.